ఏడింతల దుర్భిణిలో అంకమ్మ పిన్ని ఊరు

సాగర్ చూడటానికి వెళ్తున్నాం, ఏ బైనాక్యులర్ పట్టుకెళ్ళమంటారు అని ఈ మధ్య ఇద్దరు ముగ్గురు అడిగారు. పవరు ఎక్కువున్నదే మంచిది కదా అన్నది వాళ్ళ ఉద్దేశం. దానికి సమాధానం నాకు ఎనభైల నడుమ ఒక ఎండాకాలంలో దొరికింది. దొరక్కపోయినా బాగుండేదేమో అని ఇప్పటికీ అనిపిస్తుంది.

అప్పట్లో మేం నరసరావుపేటలో ఉండేవాళ్ళం. నాకు దుర్భిణుల పిచ్చి. మద్రాసు ఫుట్‌పాత్ మీద గీచి గీచి బేరమాడి కొన్నవి రెండుండేవి. చిన్నది దూరాన్ని ఏడింతలు దగ్గర చేస్తుంది. పెద్దది పన్నెండింతలది, వేసుకుంటే మెడ పీకేది. చవకవే అయినా మా ఆవిడ ఊరుకుంటుందా, "ఎదురింటివాళ్ళు ఏం కూర వండారో చూట్టానికా?" అని దెప్పేది. వీధి చివర ఇడ్లీలు వేసే అంకమ్మ పిన్ని మాత్రం నవ్వలేదు. డాబా మీద నుంచి కోటప్పకొండ చూపిస్తే చాలాసేపు చూసి, "సాగర్ నీళ్ళకి అవతలగా ఉన్నది కూడా కనపడిద్దా అబ్బాయా?" అని అడిగింది.

ఆమెది కృష్ణ ఒడ్డున ఒక పల్లె. డ్యాము కట్టినప్పుడు మునిగిపోయింది. ఆ ఏడు వానల్లేక నీళ్ళు బాగా తగ్గాయనీ, మునిగిన నేల బయటపడిందనీ మాచర్ల నుంచి వచ్చిన లారీవాళ్ళు చెప్పారట. ఆమె చూడాలనుకున్నది ఇంటిని కాదు. తొలిచూలు ఆడపిల్ల, రమణ, అప్పుడప్పుడే అడుగులు వేస్తుండగా అమ్మవారు పోసి చనిపోయింది. పసిబిడ్డలను కాల్చరు కదా. వాగు పక్కన పూడ్చి, నక్కలు తవ్వకుండా పైన బండలు పేర్చారు.

"ఊరు లేచిపొయ్యేటప్పుడు తలుపులు పీక్కొచ్చాం, దూలాలు తెచ్చుకున్నాం, పోలేరమ్మనీ తెచ్చుకున్నాం. దాన్ని ఎట్టా తెచ్చేది? ఒక్కసారి ఆ బండలు కనపడితే చాలు నాయనా," అంది.

ఆమె భర్త, "నీళ్ళల్లో పోయినదాన్ని ఏం చూస్తావే!" అని విసుక్కున్నాడు. విసుక్కున్నాడే గానీ, తెల్లవారుజామున బస్టాండు దాకా ఆమె సంచి మోసుకొచ్చింది ఆయనే.

పిడుగురాళ్ళ, గురజాల, రెంటచింతల మీదుగా మాచర్ల చేరేసరికి దాదాపు నాలుగు గంటలు పట్టింది. టికెట్టు మనిషికి పది రూపాయల లోపే. రెంటచింతల దగ్గర పొద్దున్నే ఎండకి కాలిపోతున్న కిటికీ ఊచలు పట్టుకోలేకపోయాం. మాచర్ల బస్టాండు ఎదుట టిఫిను చేస్తుంటే పిన్ని ఇడ్లీ తుంచి చూసి, "దీన్ని ఇసిరితే కుక్క చచ్చిద్ది," అని గొణిగింది. ఆ రోజంతా ఆమె నవ్వించింది ఆ ఒక్కసారే.

అక్కడి నుంచి ఇంకో బస్సులో విజయపురి సౌత్ చేరి, జీపు మాట్లాడుకున్నాం. డ్రైవరు కుర్రాడు కాదు, నడివయసు మనిషి. "అందరూ నీళ్ళు చూట్టానికొస్తారు. నీళ్ళు లేని చోటు చూపించమంటారేందయ్యా మీరు?" అని వేళాకోళమాడాడు. పిన్ని సంగతంతా చెప్పింది. ఆ తర్వాత అతను గతుకు వచ్చినప్పుడల్లా బండి నెమ్మది చేశాడు. నీళ్ళు కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన ఒకచోట దించి, చీకటి పడేలోపు వస్తానని వెళ్ళిపోయాడు.

మిట్టమధ్యాహ్నం. ఏ దుర్భిణి పెట్టినా అవతలి ఒడ్డు ఎండ సెగకి కరిగి కారుతున్నట్టే ఉంది. ఒడ్డున గుడిసె వేసుకుని చేపలు పట్టే దంపతులు మాకు అన్నం, చేపల పులుసు పెట్టారు. పుట్టిలో అవతలికి దాటించమని పిన్ని ప్రాధేయపడింది.

"ఆ ఒడ్డంతా బురద తల్లీ," అన్నాడతను. "దిగితే నడుం దాకా కూరుకుపోతావు. చుట్టూ తిరిగి పోదామంటే అడివి. ఈణ్ణించే చూసుకో."

పొద్దు వాలాక సెగ తగ్గింది. చిన్న దుర్భిణి ఆమె కళ్ళకి పెట్టాను.

"ఒక కన్ను మూసుకోవాలా?"

"వద్దు పిన్నీ, రెండూ తెరువు."

కాసేపు అటూ ఇటూ తిప్పింది. ఉన్నట్టుండి ఆగిపోయింది. "జోడుగుట్టలు అయ్యే! వాటి కింద వాగు... వాగు పక్కన తెల్లగా బండలు. అబ్బాయా, ఎక్కడియ్యి అక్కడే ఉన్నై!" చెంపల మీద నీళ్ళు కారుతున్నా దుర్భిణి దించలేదు. "రమణా, అమ్మనే వచ్చా," అంది.

ఇక జీపు కోసం ఎదురుచూడటమే అనుకున్నాను. "ఆ పెద్దదీ ఇయ్యి, ఇంకా దగ్గరికొచ్చిద్దిగా," అంది. అది చేతుల్లో వణుకుతుందని చెప్పాను. వినలేదు. చేపలతను బోర్లించి ఉన్న పుట్టి చూపించాడు. దాని మీద మోచేతులు ఆనించి, కదలకుండా చూసింది.

చాలాసేపటికి, "ఎద్దులు," అంది. "ఎవరో అరక కట్టారు."

నేనూ తీసుకుని చూశాను. నీళ్ళు తగ్గి, బురదకి పైగా ఆరిన ఒండ్రు నేలను అవతలి ఊళ్ళవాళ్ళు ఎవరో చక్కగా చాళ్ళు తీసి దున్నుతున్నారు. నాగలికి అడ్డమొచ్చిన రాళ్ళన్నీ ఏరి వాగు గట్టున కుప్ప పోశారు. ఇందాక తెల్లగా కనపడింది ఆ కుప్పే.

"వాళ్ళకి ఏం తెలుసు పిన్నీ," అన్నాను.

"వాళ్ళనేం అంటాను అబ్బాయా. రాళ్ళుంటే ఎవరైనా ఏరేస్తారు." కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఆ చిన్నదే ఇయ్యి. దాంట్లో ఉంది."

జీపు వచ్చి హారను కొట్టేదాకా దాంట్లోనే చూస్తూ కూర్చుంది. మాచర్లకి తిరిగొచ్చే బస్సులో దాన్ని ఆమెనే ఉంచుకోమన్నాను. ఒళ్ళో పెట్టుకుని తోలు తాడు సరిచేసి, మళ్ళీ నా చేతికిచ్చింది. "నరసరావుపేట నుంచి కనపడదుగా అబ్బాయా," అంది.

మర్నాడు పొద్దున ఎప్పటిలాగే పొయ్యి వెలిగించింది. భర్త అడిగితే, "ఉన్నై, చూశా," అని మాత్రం చెప్పిందట. నేనూ ఆయనతో అంతకుమించి మాట్లాడలేదు. దగ్గరగా చూడటమే బాగా చూడటమని అప్పటిదాకా నమ్మినవాణ్ణి. చుట్టూ ఉన్న గుట్టలూ వాగూ కనపడితేనే మనది ఎక్కడుందో తెలుస్తుందని, అవి పెద్దదాని ఇరుకు చూపులో పట్టవని ఆ సాయంత్రం తెలిసింది. ఆమె పోయి చానాళ్ళయింది. పన్నెండింతలది నేను మళ్ళీ ఎవరి కళ్ళకీ పెట్టలేదు.

కాబట్టి సాగర్ వెళ్ళేవాళ్ళకి నేను చెప్పేది ఒక్కటే. ఏడింతలదే కొనండి. తేలిక, చేతిలో వణకదు, ఎక్కువ మేర కనపడుతుంది. ఎండ సెగ తగ్గాక చూడండి. పెద్దది కూడా ఉంటే, వెంట వచ్చేవాళ్ళు ఏం చూడటానికి వస్తున్నారో ముందు అడిగి, అప్పుడు సంచిలో పెట్టుకోండి.