ఎవరిదీ కాని బోరు

జగ్గయ్యపేట శివార్లలో కొత్తగా వెలిసిన కాలనీలో మేము అద్దెకుండేవాళ్ళం. పైపులైను అంతదూరం రాలేదు. ఓనరు వేయించిన బోరే అన్ని వాటాలకూ దిక్కు. పక్క వాటాలో ఒక అమ్మాయి, ఆమె భర్త ఉండేవారు. అతనికి ముక్త్యాల సిమెంటు ఫ్యాక్టరీలో ఉద్యోగం. ఆ అమ్మాయి నన్ను అక్కా అని పిలిచేది. తొలిచూలు. ఆదివారం చర్చి నుంచి వస్తూ నాకోసం మల్లెమొగ్గలు తెచ్చేది.

వానలు మొదలయ్యాక ఒకరోజు బిందె పట్టుకుని వచ్చింది.

“అక్కా, నీళ్ళు అదోరకం వాసనొస్తున్నాయి. మీకూ అంతేనా?”

ఇద్దరం వెళ్ళి ఓనరుకు చెప్పాం.

“వానలకి అంతేనమ్మా. రెండ్రోజులు పోతే అవే తేటపడతాయి. బ్లీచింగ్ వేయిస్తాలే,” అన్నాడు. వేయించలేదు.

ఆ అమ్మాయి నీళ్ళు కాచుకునే తాగేది. కానీ పుక్కిలించడానికీ, కూరలు కడగడానికీ ఆ కుళాయే కదా. కొన్నాళ్ళకు జ్వరం, వాంతులు పట్టుకున్నాయి. కడుపుతో ఉన్నవాళ్ళకు మామూలే అనుకున్నారు. ఒక ఉదయం వాకిట్లో నన్ను చూసి నవ్వింది. కళ్ళు పసుపుపచ్చగా ఉన్నాయి.

విజయవాడ తీసుకెళ్ళారు. పచ్చకామెర్లనీ, మురుగు కలిసిన నీళ్ళ వల్ల వచ్చే రకమనీ, గర్భిణులకు ప్రాణం మీదకొస్తుందనీ డాక్టరు చెప్పారు. నేను వెళ్ళేసరికే స్పృహ లేదు. ముందు కడుపులో బిడ్డ పోయింది. మర్నాడు తల్లి.

వెనకింటి సెప్టిక్ ట్యాంకు బోరుకు దాదాపు ఆనుకునే ఉంది. అక్కడ తవ్వకూడదని చెప్పడానికి ఎవరూ ఎప్పుడూ రాలేదు.

దినాలయ్యాక ఆమె భర్తా నేనూ నీళ్ళ సరఫరా చూసే ఆఫీసుకు వెళ్ళాం.

“అది ప్రైవేటు బోరండి. మేం సప్లై చేసే నీళ్ళయితే టెస్టు చేయిస్తాం,” అన్నారు అక్కడి అధికారి.

“మరి దీన్నెవరు చూస్తారండి?”

“ఓనరే చూసుకోవాలండి.”

ఆయన మర్యాదగానే చెప్పారు. కసిరి ఉంటే పోట్లాడేదాన్ని. బయటికొచ్చాక అతను మెట్ల మీద కూలబడ్డాడు. “ఇంకెవర్ని అడగాలక్కా?” అన్నాడు. ఆ నెలలోనే ఇల్లు ఖాళీ చేశాడు. ఉయ్యాల కోసం దూలానికి కొట్టించిన కొక్కెం అలాగే ఉండిపోయింది.

ఓనరు మేడ మీది నీళ్ళ ట్యాంకు కడిగించి, గోడలకు సున్నం వేయించి, ఆ వాటా మళ్ళీ అద్దెకిచ్చాడు. కొత్తగా వచ్చినావిడకు జరిగిందంతా చెప్పాను.

“ఈ నీళ్ళు తాగకండి.”

“మరేం తాగమంటారండి? క్యాన్ల నీళ్ళు కూడా పక్క వీధి బోరువేగా.”

ఆ క్యాన్లు నింపే ప్లాంటు నీళ్ళను ఎవరైనా పరీక్షించారో లేదో నాకూ తెలియదు.

ఆ కుళాయి తిప్పడానికి చేయి రాక మేము నందిగామకు మారిపోయాం. ఇక్కడా బోరే. నీళ్ళెప్పుడైనా టెస్టు చేయించారా అని ఇల్లుగలావిడను అడిగాను.

“అందరం ఇవే తాగుతున్నాం కదండీ,” అంది.

పిల్లలు దాహమంటున్నారు. కుళాయి కింద బిందె పెట్టాను.