రొవీనా తట్టని తలుపు

డన్‌మోర్‌లో ఎవరింట్లో ఎవరు ఎంతసేపు స్నానం చేస్తారో ఆ ఇంటివాళ్ళకంటే రొవీనా ప్రూయిట్‌కే బాగా తెలుసు. పంతొమ్మిదేళ్ళుగా ఆ ఊరి నీటి మీటర్లు చదువుతోంది మరి. చేతిలో ఇనప కొక్కెం, సంచిలో పుస్తకం, మోకాళ్ళకి తోలు పట్టీలు. వాకిట్లో నేలలోకి దింపిన పెట్టె మూత కొక్కెంతో లేపడం, లోపలి సాలీళ్ళని తరిమేయడం, అంకె రాసుకోవడం. ఎండైనా, పడమటి టెక్సస్ దుమ్ము గాలైనా ఇంతే.

అంతకు ముందు ఆ పని ఆమె తండ్రిది. ఆయన కూతురికి ఇచ్చి పోయిన ఆస్తి రెండే: ఆ కొక్కెం, ఒక మాట. "మనుషులున్నారనుకునే ఇంట్లో మీటరు కదల్లేదనుకో, సున్నా రాసుకుని వెళ్ళిపోకు. తలుపు కొట్టు. కుళాయి తిప్పమను. మీటర్లో ఎర్రముల్లు తిరిగిందా, మీటరు బాగున్నట్టు, ఇంట్లో ఎవరూ ఉండటం లేనట్టు. తిరగలేదా, మీటరు చచ్చినట్టు." వేసవి సెలవుల్లో వెంట తిప్పుకుంటూ ఆ మాటే ఆమె కొడుకు గ్యారెట్‌కి నేర్పింది. పదేళ్ళవాడు తలుపులు కొట్టి, టోపీ తీసి, "మేడమ్, ఒక్కసారి కుళాయి తిప్పుతారా?" అనేవాడు. ఆమె పెట్టె మూసేలోపు, "ఎంతమ్మా?" అని అంకె అడిగేవాడు.

ఆ కొడుకే ఆమె లోకం. మొగుడు చమురు బావుల్లో పనికని వెళ్ళి మళ్ళీ ఈ గుమ్మం తొక్కలేదు. గ్యారెట్ పెద్ద బడిలో ఫుట్‌బాల్ జట్టుకి క్వార్టర్‌బ్యాక్ కావాలని, అంటే బంతి విసిరి జట్టుని నడిపేవాడు కావాలని, మూడేళ్ళు బెంచీ మీద వంతు కోసం కాచుకున్నాడు. ఆఖరి ఏడు వాడిదే అని ఊరంతా అనుకుంది. డన్‌మోర్‌లో క్వార్టర్‌బ్యాక్ తల్లంటే మాటలా! శుక్రవారం ఆటకి మూడో వరసలో చోటు, కొట్లో పలకరింపులు, పాస్టరు గారి ప్రార్థనలో ప్రత్యేకంగా ఒక వాక్యం. రొవీనా ఆ వాక్యం కోసం కొత్త గౌను కూడా కుట్టించుకుంది.

ఆగస్టులో వచ్చి పడ్డాడు ట్రేస్ హోలోవే. నలభై మైళ్ళ అవతలి బడి నుంచి మారి వచ్చాడు. రెండో వారానికల్లా గ్యారెట్ మళ్ళీ బెంచీ మీదికి పోయాడు.

రొవీనా కోచ్ స్టాలింగ్స్ గది తలుపు తోసుకుని వెళ్ళింది. "మూడేళ్ళు మా వాడు మీ బెంచీ అరగదీశాడు కోచ్! నిన్న కాక మొన్న వచ్చినవాడు ఎక్కువయ్యాడా?"

"నీ బాధ నాకు తెలుసు రొవీనా. కానీ ఆ కుర్రాడి చెయ్యి చూశావా? అరవై గజాలు విసురుతాడు."

"మా వాడిదీ చెయ్యే, కట్టె కాదు!"

కోచ్ తల దించుకున్నాడు, మాట మాత్రం మార్చుకోలేదు. అంతకంటే కడుపు రగిలే సంగతి ఇంకోటుంది. పన్నెండో నంబరు చొక్కా గ్యారెట్‌ది. దాన్ని వాడే తీసుకెళ్ళి ట్రేస్‌కి ఇచ్చేశాడు. "వాడు చిన్నప్పట్నుంచీ పన్నెండే వేసుకున్నాడమ్మా. నాకు ఏదైనా ఒకటే" అన్నాడు. ఇంత మెత్తనివాణ్ణి ఎలా కన్నానురా దేవుడా అని రొవీనా ఆ పూట అన్నం మానేసింది.

ఇక ఆ తల్లి, జోలీన్! ఆసుపత్రిలో నర్సు. మూడో వరసలో రొవీనా పక్కనే చేరింది. నవ్విందంటే మైదానం అవతలి గట్టుకి వినపడుతుంది. జట్టు కోసం తల్లులు నడిపే తినుబండారాల కొట్లో పదేళ్ళుగా రొవీనా మాంసం, చిక్కుళ్ళు వేసి వండే చిల్లీ కూరకే పేరు. జోలీన్ పీచ్ పండ్లతో కాబ్లర్ అనే తీపి వంటకం చేసి తెచ్చిన రోజున ఆ చిల్లీ గిన్నె సగం అలాగే మిగిలిపోయింది. "మీ చిల్లీ ఎంత బాగుందో! ఎలా చేస్తారో నాకూ చెప్పరూ?" అని జోలీన్ అడిగింది. రొవీనాకి అది ఎగతాళిగా వినపడింది. పాపం, జోలీన్ నిజంగానే అడిగింది. కళ్ళల్లో నిప్పులు పోసుకున్న మనిషికి ఏది నిజంగా కనపడుతుంది?

ఊరి తీరూ అలాగే ఏడ్చింది. మైదానంలో రబ్బరు గడ్డి పరిచారు, ఇల్లంత తెరతో స్కోరు బోర్డు నిలబెట్టారు. బడి సైన్సు గదిలో కుళాయి మూడేళ్ళుగా కారుతోందని రొవీనా ప్రతి నెలా చీటీ రాసిస్తోంది. దానికి వాషరు వేసే నాథుడు లేడు. అంత పెద్ద తెర మీద మరి ఆడేవాడు కూడా గట్టివాడే ఉండాలి కదా! హోలోవేలకి మెస్కీట్ వీధిలో అద్దె ఇల్లు కోచే చూసిపెట్టాడని, ఇల్లు పేరుకేనని, మనుషులు పాత ఊళ్ళోనే ఉంటున్నారని గుసగుసలు పుట్టాయి. నిజమైతే ట్రేస్ ఆడటానికి వీల్లేదు. బడి మారిన పిల్లవాడి కుటుంబం నిజంగా కాపురం మారాలి, అది నియమం.

సెప్టెంబరులో రొవీనా మెస్కీట్ వీధిలో ఆ ఇంటి పెట్టె మూత లేపింది. ఆగస్టులో రాసుకున్న అంకె, ఇప్పుడున్న అంకె ఒక్కటే. ఒక్క చుక్క కూడా వాడలేదు.

ఆమె గుండె ఎగిరి గంతేసింది. ఏం దాచాలి, సంతోషంతోనే. మూడు మెట్లెక్కితే తలుపు. కొట్టలేదు. వరండా కమ్మీ మీద ఒక తువ్వాలు ఆరేసి ఉంది, అంచు నుంచి నీళ్ళు బొట్లు బొట్లుగా కారుతున్నాయి. అదీ చూసింది. చూసి, సున్నా రాసుకుని పక్కింటికి వెళ్ళిపోయింది. అక్టోబరులోనూ సున్నాయే. ఆ రోజు ఇంటికెళ్ళగానే పక్క ఊరు లామార్టన్ కోచ్‌కి, అంటే తన ఊరి బద్ధశత్రువుకి, ఫోను చేసింది. "మెస్కీట్ వీధి ఇంటి నీళ్ళ లెక్క అడిగి చూడండి" అని పేరు చెప్పకుండా పెట్టేసింది.

నియమం తప్పిన పిల్లవాడు ఆడితే, వాడు ఆడి గెలిచిన ఆటలన్నీ ఓడినట్టే. డన్‌మోర్‌లో పసిపిల్లలకి కూడా ఈ సంగతి తెలుసు, రొవీనాకి తెలియదా? తెలుసు. తన రెండు కళ్ళు పోయినా సరే, ఎదుటివాడికి ఒక కన్ను పోతే చాలన్నట్టుంది ఆమె వరస.

నవంబరు మొదట్లో చుట్టుపక్కల బడుల పెద్దలు ఆరుగురు లైబ్రరీలో కూర్చుని విచారణ పెట్టారు. జోలీన్ తనకి రాత్రి డ్యూటీలని, మొగుడు రెండేసి వారాలు చమురు బావుల దగ్గరే ఉంటాడని, అందుకే ఇల్లు ఎప్పుడూ చీకటిగా కనపడుతుందని చెప్పింది. నీళ్ళ బిల్లు అద్దెలోనే పోతుంది, మీటరు సంగతి తనకేం తెలుసు అంది. తరవాత మీటరు చదివే మనిషిని పిలిచారు.

"ఆ మీటరు సరిగ్గా పనిచేస్తోందా అమ్మా?" అని పెద్దాయన అడిగాడు.

"పంతొమ్మిదేళ్ళ నుంచి చదువుతున్నానండీ."

"అది కాదమ్మా. మీటరు పనిచేస్తోందా?"

జోలీన్ ఆమె వంకే చూస్తోంది, పంచప్రాణాలూ కళ్ళల్లో పెట్టుకుని.

"చేస్తోంది" అంది రొవీనా.

"అదేంటండీ!" జోలీన్ లేచి నిలబడింది. "రోజూ ఆ ఇంట్లోనే మా వాడి బట్టలుతుకుతున్నానే! గాలితో ఉతుకుతున్నానా?"

ట్రేస్ ఆడకూడదని ఆరుగురిలో ఐదుగురు చేతులెత్తారు. ట్రేస్ బడి చదువులో అదే ఆఖరి ఏడు, ఇక వాడికి ఆట లేదు. జట్టు గెలిచిన ఆరు ఆటలూ గాలికి పోయాయి, ముందు పోటీలకి వెళ్ళే దారి మూసుకుపోయింది.

మిగిలిన ఒక్క శుక్రవారం గ్యారెట్ ఆడాడు. నాలుగో నంబరు చొక్కాలోనే. చాలా బాగా ఆడాడు, రెండుసార్లు పాయింట్లు తెచ్చాడు. రొవీనా కొత్త గౌను వేసుకుని గొంతు చించుకుంది. ఆమె చుట్టూ ఖాళీ బెంచీలు. ఎవరికీ పట్టని ఆట ఎవరు చూస్తారు? ఆమె పక్కన జోలీన్ కూర్చునే చోటు కూడా ఖాళీయే. ఆ ఖాళీ చూస్తే హాయిగా ఉండాల్సింది. లేదు.

తరవాతి వారం మీటర్లు చదివే వంతు మళ్ళీ వచ్చింది. మెస్కీట్ వీధి ఇంటి ముందు గ్యారెట్, ట్రేస్ కలిసి గ్యారెట్ పాత ట్రక్కు కడుగుతున్నారు. ఒకరి మీద ఒకరు నీళ్ళు కొట్టుకుంటూ, అరుచుకుంటూ. రొవీనా తల వంచుకుని పెట్టె దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది. గొట్టంలోంచి పారే నీళ్ళు వాకిలి దాటి వచ్చి ఆమె మోకాళ్ళని తడిపేస్తున్నాయి. పెట్టెలో ఎర్రముల్లు కదలకుండా కూర్చుంది.

"ఎంతమ్మా?" అంటూ గ్యారెట్ అలవాటు కొద్దీ వచ్చాడు. ఆమె పెట్టె మూయబోయింది. వాడు మూత పట్టుకుని, వంగి, బొటనవేలితో అద్దం తుడిచాడు. చాలాసేపు చూశాడు. వెనక నీళ్ళు పారుతూనే ఉన్నాయి.

"ముల్లు తిరగట్లేదమ్మా."

రొవీనా పుస్తకం మూసి సంచిలో పెట్టుకుంది.

"తలుపు కొట్టావా?"

"ఒరేయ్, నీ కోసమేరా..."

"నా పేరెత్తకు." వాడు ఆమె మీద ఎన్నడూ గొంతు పెంచలేదు, ఇప్పుడూ పెంచలేదు. "సున్నా చూస్తే తలుపు కొట్టాలని నాకు నేర్పింది నువ్వు. వాళ్ళు అడిగితే పనిచేస్తోందన్నావంట. మూడు మెట్లు. నువ్వు వెళ్తావా, నన్ను వెళ్ళమంటావా?"

ఉద్యోగం పోతుంది. ఊళ్ళో ఇక ముఖం చూపించే వీలుండదు. అయినా రొవీనా కొక్కెం కింద పెట్టి లేచింది. మూడు మెట్లెక్కి తలుపు కొట్టింది.

జోలీన్ నిద్ర కళ్ళతో, తడి జుట్టుతో తీసింది. "అయ్యో రొవీనా గారూ, అలా తడిసిపోయారేంటి? ఈ వెధవలు మీ మీద కొట్టారా నీళ్ళు? ఉండండి, తువ్వాలు తెస్తాను." లోపలికి పరిగెత్తింది. ఆమె వచ్చేలోపు మెట్లు దిగి వెళ్ళిపోవచ్చు. కింద గ్యారెట్ నిలబడి ఉన్నాడు.

జోలీన్ తువ్వాలు అందించింది. రొవీనా తీసుకోలేదు.

"మీ మీటరు చచ్చిపోయింది జోలీన్. బహుశా ఆగస్టు నుంచే. సెప్టెంబరులోనే తలుపు కొట్టాల్సింది. కావాలనే కొట్టలేదు. లామార్టన్‌కి ఫోను చేసింది కూడా నేనే."

జోలీన్ చాచిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"నేను పగలంతా ఇంట్లోనే ఉంటాను" అంది మెల్లగా. "కొడితే తీసేదాన్ని కదా."