ఖమీసా పిన్ని దొంగ కొమ్మలు

మా ఖమీసా పిన్ని నమాజు మానదు, ఉపవాసం మానదు, దొంగతనమూ మానదు. అయితే ఎత్తుకొచ్చేది అంజూరపు కొమ్మలే. అడిగి తెచ్చుకున్న కొమ్మ వేరు పట్టదనీ, కొట్టుకొచ్చిందే బతుకుతుందనీ మా జెబ్బా కొండమీద అందరి నమ్మకం. ఊరంతా సంతలో ధర పలికే ఒకే ఒక్క నల్లరకం వేసుకుంటుంటే, ఈవిడ పెళ్ళికెళ్ళినా పురిటికెళ్ళినా శాలువా కింద ఓ కొమ్మతో తిరిగొచ్చేది. ముందుగా పండేవి, చలి మొదలయ్యాక పండేవి, జనం పేర్లు కూడా మరిచిపోయినవి, అన్నీ ఇప్పుడు ఆ పెరట్లోనే ఉన్నాయి.

"ఒక్క రకమే మిగిలితే ఏడాదికి ఒక్కసారే నోరు తీపి. నేనొప్పుకోను," అంటుంది.

తోడికోడలు మన్నానా పెద్దమ్మతో మాత్రం మాటల్లేవు. పెద్దమ్మ మొగుడు పోయిన రోజు పిన్ని గొల్లున ఏడుస్తూనే వాకిట్లోని తేనెరంగు అంజూరం కొమ్మ విరిచేసింది. ఆ చెట్టు పెద్దమ్మ తల్లి నాటింది. ఊరు మొత్తానికి అదొక్కటే.

"శవం లేవకముందే దీని చెయ్యి లేచింది," అని పెద్దమ్మ మొహం తిప్పేసుకుంది.

మొన్న ఎండల్లో పురుగు తొలిచి ఆ చెట్టు చచ్చిపోయింది. పెద్దమ్మ మోడుని పట్టుకుని ఏడ్చింది. తల్లి గుర్తు ఇక పిన్ని పెరట్లోనే ఉంది. అడగడానికి లేదు, ఇవ్వడానికీ లేదు. చలికాలం రాగానే పిన్ని కుక్కని కట్టేసి, చెల్లెలింటికి పోతున్నానని ఊట దగ్గర చాటింపు వేసి, నన్నూ లాక్కుని కిటికీ వెనక నక్కింది.

పెద్దమ్మ రానే వచ్చింది. చెట్లకి ఆకుల్లేవు, ఆవిడకి చూపు సరిగా ఆనదు. తడిమి తడిమి మగ చెట్టు కొమ్మ విరుచుకుపోయింది. ఆ కాయల్లో పుట్టే చిన్న పురుగులు పుప్పొడి మోస్తాయని వాటిని పండే చెట్లకి వేలాడదీస్తాం, అంతే. నోట్లో పెట్టుకుంటే పిడక నమిలినట్టే.

పిన్ని కడుపుబ్బా నవ్వింది. రొట్టె కాలేలోపు ఆ నవ్వు ఆగిపోయింది.

"ఏళ్ళ తరబడి నీళ్ళు పోసి ఆఖరికి ఆ పిడక తింటుందా? ఈ వయసులో మళ్ళీ నాటగలదా?" అంది నాతో. నిజంగానే బెంగపడింది.

మర్నాడు పొద్దున్నే అసలు కొమ్మ పట్టుకుని పెద్దమ్మ గోడ దూకింది. పెద్దమ్మ కుక్క అరవకుండా చూడమని నన్ను గోడ బయట నిలబెట్టింది. పెద్దమ్మ నాటుకున్న మగ కొమ్మ పీకిందో లేదో కోళ్ళు గోల చేశాయి. చీపురుతో పెద్దమ్మ ప్రత్యక్షం.

"ఇంకేం మిగిలిందే నా ఇంట్లో దోచుకోడానికి?"

నిజం చెబితే కొమ్మ ఇచ్చినట్టవుతుంది. ఇచ్చింది వేరు పట్టదాయె.

పెద్దమ్మ కిందపడ్డ కొమ్మని చూసింది. పిన్ని చేతిలోదాని దగ్గరకి వంగి కణుపులు తేరిపార చూసింది. వేలితో తడిమి, తన తల్లి చెట్టుదేనని పోల్చుకుంది. చీపురు కింద పెట్టి అంది: "అదుగో, నీ మేక తాడు తెంపుకు పోతోంది."

పిన్నికి మేకే లేదు. అయినా వీధివైపు తిరిగి చాలాసేపు వెతికింది. ఇటు తిరిగేసరికి చెయ్యి ఖాళీ.

"పెద్దదానివి, ఇదేం బుద్ధి అక్కా?"

"నీ సావాసమేనే."

ఆ కొమ్మ వసంతంలో చిగురేసింది. వెయ్యకేం, అంత నికార్సయిన దొంగతనం మా ఊళ్ళో మరొకటి జరగలేదు.