బాబుగారి రిసార్టులో మా అమ్మ వాటా

ఈ వ్యవహారంలో నా తప్పు కూడా ఉంది కాబట్టి ముందే ఒప్పేసుకుంటాను. "ఇందులో ప్రతి ఇటుకా మీదే" అన్న వాక్యం రాసింది నేనే. రాసినప్పుడు చాలా బాగా వచ్చిందనుకుని మురిసిపోయాను కూడా.

ఎచ్చెర్లలో యూనివర్సిటీ గేటుకి కాస్త అవతల నాకో చిన్న డీటీపీ షాపు ఉంది. పిల్లల ప్రాజెక్టు రికార్డులు, పెళ్ళికార్డులు, ఫ్లెక్సీలు, దినాల కార్డులు, ఏది వస్తే అది కొడతాను. తెలుగు ఎం.ఏ. చదివాను కాబట్టి అక్షరదోషాలు ఉండవని పేరు. ఆ పేరు విని ఒకరోజు పొద్దున్నే ఓ పెద్ద తెల్లకారు వచ్చి మా మెట్ల ముందు ఆగింది. అందులోంచి దిగినాయన్ని మా వైపు అందరూ బాబుగారనే అంటారు. ఆయనకి గ్రానైటు క్వారీ ఉంది, రెండు కల్యాణమండపాలు ఉన్నాయి, రొయ్యల చెరువులు ఎన్నో ఆయనే లెక్క మరిచిపోయుంటాడు. వెనకాలే కొడుకు దిగాడు. కళ్ళజోడు తీయకుండానే షాపులోకి వచ్చాడు.

"పాపా, మా వోడు సముద్రం ఒడ్డున రిసార్టు కడతన్నాడు. జనాన్ని సాయం అడగాల. సదివినోడికి కళ్ళల్లో నీళ్ళు తిరగాల. అలాగ రాసియ్యి" అన్నాడు బాబుగారు.

నేను కారు వైపు చూశాను, ఆయన వైపు చూశాను. "సాయం ఎవరికండీ?" అన్నాను.

"మా వోడికే."

కొడుకు అందుకున్నాడు. "క్రౌడ్ ఫండింగ్ అంటారండి. డబ్బు గురించి కాదు. జనాన్ని ఇన్వాల్వ్ చెయ్యాలని."

"బ్యాంకులో లోను ఇస్తారు కదండీ?"

"బ్యాంకోడు వడ్డీ అడుగుతాడు పాపా," అన్నాడు బాబుగారు, నా అమాయకత్వానికి జాలిపడుతూ. "జనం అభిమానంతో ఇస్తారు. అభిమానానికి వడ్డీ ఏటుంటాది?"

ఇంత గడుసు మాట అంత ఏమీ ఎరగని మొహంతో అన్న మనిషిని నేను అంతకుముందు చూడలేదు. నవ్వాపుకుని రాశాను. ఒక యువకుడి కల, పుట్టిన గడ్డ మీద మమకారం, వలస పోతున్న పిల్లలకి ఉపాధి, అన్నీ వేశాను. ఐదొందలు ఇచ్చినవాళ్ళకి కీచైను, వెయ్యి ఇచ్చినవాళ్ళకి కొడుకుతో ఫొటో, ఐదువేలు ఇచ్చినవాళ్ళకి నల్లరాతి పలక మీద పేరు. రాయి ఎలాగూ సొంత క్వారీదే. కింద క్యూఆర్ కోడ్. చివర్లో నా ఇటుక వాక్యం. బాబుగారు రెండుసార్లు చదివించుకుని, కళ్ళు తుడుచుకున్నాడు. ఆయన డబ్బు ఆయనకే ఇవ్వాలనిపించేంత బాగా రాశానన్నమాట.

ఒక్కటి మాత్రం అడగలేదు. రిసార్టు ఏ ఒడ్డున అని.

మా ఊరు ఎచ్చెర్లకి దగ్గర్లోనే, సముద్రం పక్కన. మా అమ్మ చేపలమ్మే మనిషి. పచ్చివి అమ్మగా మిగిలినవి, చవగ్గా వచ్చినవి ఎండబెట్టి సంతల్లో అమ్ముతుంది. నా చదువు, నా షాపు, అందులో రెండు కంప్యూటర్లు, అన్నీ ఎండు నెత్తళ్ళలోంచి వచ్చినవే. ఊళ్ళో పాతికమంది ఆడవాళ్ళు ఆరబెట్టేది ఒకటే చోట, సరుగుడు తోటకీ నీళ్ళకీ మధ్యనున్న ఇసుకలో. దానికి ఎవరి పేరా కాగితం లేదు. మా అమ్మమ్మ అక్కడే ఆరబెట్టింది, ఆవిడ అమ్మా అక్కడే.

వారం తిరక్కుండా ఆ ఇసుక చుట్టూ స్తంభాలు పాతి, ముళ్ళకంచె లాగారు. కంచె మీద నా ఫ్లెక్సీ. "ప్రతి ఇటుకా మీదే."

ఆ సాయంత్రం ఇంటికెళ్తే అమ్మ తడి చేపల గంప ముందేసుకుని వాకిట్లో కూర్చుని ఉంది. పక్కన కూర్చుని చెప్పాను, ఆ రాత నాదేనని. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. అది ఇంకా కష్టంగా అనిపించింది.

"ఏటి రాసేవో సదువు" అంది.

చదివాను. పూర్తిగా విని, "అయితే ఆ బాబు అందరి దగ్గరా డబ్బులు తీసుకుంతన్నాడా?" అంది.

"అవును."

"మన దగ్గరా తీసుకుంతాడా?"

"ఎవరి దగ్గరైనా తీసుకుంటాడు. ఎందుకే?"

మర్నాడు పాతికమంది ఆడవాళ్ళూ తలో వందా వేసుకున్నారు. మా అమ్మ నా ఫోను లాక్కుని, క్యూఆర్ కోడ్ మీద నాచేతే పెట్టించి, ఒక్కొక్కరి పేరూ చెప్పి పంపించింది. నేను మొత్తుకున్నాను. కంచె వేసినవాడికి ఎదురు డబ్బులివ్వడమేంటి, కలెక్టరుగారికి అర్జీ రాస్తాను, సంతకాలు పెట్టండి అన్నాను.

"నీ రాతలు సాలు గాని, ఊరుకో" అంది అమ్మ. "పెద్దవల లాగినప్పుడు సూళ్ళేదేటి?"

చూశాను. పడవ మీద వెళ్ళి వలని అర్ధచంద్రంలా వేసొస్తారు. రెండు కొసల తాళ్ళూ ఒడ్డునుంచి లాగుతారు. వల ఎవరిదైనా సరే, తాడు మీద చెయ్యి వేసినవాళ్ళకి చేపల్లో వాటా. ముసలాయన వచ్చి ఊరికే పట్టుకుని నిలబడ్డా, వాటా. మావాళ్ళకి ఇది ఎవరూ నేర్పరు, ఎవరూ అడగరు. సాయం పట్టి ఉత్త చేతుల్తో ఇంటికెళ్ళడం అన్న సంగతి వాళ్ళ ఊహలోనే లేదు.

"అది వల అమ్మా. ఇది క్రౌడ్ ఫండింగ్. ఇందులో కీచైను ఇస్తారు, అది కూడా ఐదొందలైతేనే" అన్నాను. చదువుకున్నదాన్ని కదా. అమ్మ నా వైపు చూసి, బుర్ర తక్కువదాన్ని కన్నానని బాధపడినట్టు నిట్టూర్చింది.

ఆర్నెల్లలో సరుగుడు తోట వైపున రిసార్టు లేచింది, మా ఇసుక దాని కంచెలోనే ఉండిపోయింది. ఆర్నెల్లూ మా అమ్మ రోడ్డు మీద తారు అంచున చేపలు ఆరబెట్టి, లారీలు వచ్చినప్పుడల్లా పరిగెత్తి గోనెలు లాగేది. చివర్లో ఒకసారి పడి మోచెయ్యి దోక్కుపోయింది. నాకు ఆ బాబుగారి మీద ఎంత కోపం వచ్చిందంటే, ఆయన మండపంలో జరిగే పెళ్ళిళ్ళ కార్డులు కొట్టనని నలుగురిని వెనక్కి పంపేశాను.

ప్రారంభోత్సవానికి దాతలందరికీ పిలుపొచ్చింది. శ్రీకాకుళం నుంచి, విజయనగరం నుంచి కార్లలో వచ్చారు. రిటైరైన మాస్టార్లు, డాక్టర్లు, నగల షాపులవాళ్ళు. మావాళ్ళు పాతికమందీ ఉతికిన చీరలు కట్టుకుని ముందు వరసలో కూర్చున్నారు. బాబుగారు మైకు పట్టుకుని, నా వాక్యం కంఠతా వచ్చినట్టుంది, కళ్ళు మూసుకుని చెప్పాడు: "ఇందులో ప్రతి ఇటుకా మీదే!" కొడుకు అదంతా ఫోనులో లైవ్ పెట్టాడు. చప్పట్లు కొట్టారు.

చప్పట్లు ఆగాక మా అమ్మ లేచింది.

"బాబూ, మా వాటా ఏ పక్కనుంచి ఏ పక్కకో సూపించీసేవంటే, రేపట్నుంచి మేం సేపలు ఆరేసుకుంతాం."

బాబుగారు నవ్వాడు. "వాటా ఏటమ్మా? మీరు అభిమానంతో ఇచ్చేరు."

"అవును బాబూ, అభిమానంతోనే ఇచ్చేం. వాటా కూడా అభిమానంతోనే ఇయ్యి."

అంతవరకు కీచైను వేలికి తిప్పుకుంటూ కూర్చున్న ఒక రిటైర్డు మాస్టారు మెల్లిగా నిటారుగా కూర్చున్నాడు. "ఆవిడ చెప్పింది సబబుగానే ఉంది కదండీ. నేను ఐదొందలు ఇచ్చాను. మరి నాకేమిటి?" అన్నాడు. ఇంకెవరో వెనకనుంచి "మాకూ చెప్పాలి" అన్నారు. బాబుగారు భోజనాలు వడ్డించమని కేకేశాడు. ఆ రోజు మూడింటికి తినాల్సిన బిర్యానీ పదకొండున్నరకే తిన్నాం.

మర్నాడు తెల్లారేసరికి పాతికమందీ గేటు దగ్గరున్నారు. దాతలని లోపలికి రానివ్వమని వాచ్‌మన్‌కి ముందురోజే చెప్పి ఉంచారు, మర్నాటి నుంచి ఆపమని చెప్పడం మరిచిపోయారు. సముద్రం వైపు క్వారీ నల్లరాయి పరిచి పెద్ద అరుగు కట్టారు. దాని మీద మావాళ్ళు నెత్తళ్ళు, కానాగంతలు పరిచేశారు. నల్లరాయి కదా, పది గంటలకే పెనంలా కాలింది. రెండు రోజులు పట్టేవి ఒక్క పూటలో ఎండాయి. పైగా కాకులు రాకుండా వాచ్‌మన్ కర్ర పట్టుకుని తిరుగుతున్నాడు. కాకులు గెస్టుల మీద రెట్టలేస్తే ఉద్యోగం పోతుందని అతని భయం. మా అమ్మ అతనికి రోజూ గుప్పెడు నెత్తళ్ళు ఇచ్చేది.

విశాఖ నుంచి పెళ్ళికి ముందు ఫొటోలు తీయించుకోవడానికి వచ్చిన జంట కారు దిగి, ఒకసారి గాలి పీల్చి, మళ్ళీ కారెక్కారు.

నాలుగో రోజు బాబుగారు మా ఇంటికే వచ్చాడు. చేతిలో కవరు. పాతికమంది వందలూ, వాటికి మరో రెట్టింపూ ఉందన్నాడు. పోలీసుల్ని పిలవొచ్చు గాని, కొడుకు పెట్టిన వీడియో కింద దాతలంతా వాటాలు అడుగుతున్నారట. గొడవ పెద్దదైతే అందరికీ తిరిగివ్వాలి.

"తీసుకోమ్మా. లెక్క సరిపోయినాది" అన్నాడు.

"వల ఒడ్డుకొచ్చీసేక తాడు ఖరీదు ఇస్తానంటే ఎవులు తీసుకుంతారు బాబూ?" అంది అమ్మ. కవరు ముట్టుకోలేదు. మజ్జిగ మాత్రం ఇచ్చింది.

మజ్జిగ సగం తాగి, "మరేటి కావాలో సెప్పు" అన్నాడు ఆయన.

"ఇసక."

నేను తలుపు పక్కనే ఉన్నాను. ఆ మాటకి నా కళ్ళల్లో నిజంగానే నీళ్ళు తిరిగాయి, నా ఫ్లెక్సీ చదివి ఆయన తుడుచుకున్నటువంటివి కావు. మోచేతి మీద ఇంకా మానని గాయంతో ఆవిడ అడిగింది రిసార్టు కాదు, డబ్బు కాదు.

రెండు రోజుల్లో కంచె పీకేశారు. వెళ్ళి చూస్తే అక్కడ ఇసుక లేదు. కార్లు దిగబడకుండా ఎర్ర గ్రావెల్ తోలి చదును చేసేశారు. గ్రావెల్ మీద ఆరేస్తే చేపల్లో రాళ్ళు. ఆడవాళ్ళంతా నడుం మీద చేతులేసుకుని నిలబడిపోయారు. అమ్మ నా వైపు తిరిగి, "ఒసే, ఆ బాబుకి రాసినట్టే ఇప్పుడు మాకూ ఒకటి రాయి" అంది.

రాశాను. పాతికమంది తల్లుల కల, పుట్టిన గడ్డ మీద మమకారం, మీ వంతు సాయంగా రెండు ట్రాక్టర్లు. కంప్యూటర్లో కొట్టి, మంచి కాగితం మీద తీసి, తీసుకెళ్ళి ఆయన చేతిలో పెట్టాను. చదివి నా వైపు చూశాడు, ఆ చూపులో కోపం, నవ్వు రెండూ ఉన్నాయి. అరుగు ఖాళీ అయితే చాలనుకున్నాడేమో, గ్రావెల్ ఎత్తించి, ట్రాక్టర్లతో ఇసుక తోలించాడు.

ఆ ఇసుకలో ఎండిన మొదటి నెత్తళ్ళు అమ్మ ఏరి, మంచివి మాత్రం తీసి, కాగితంలో పొట్లం కట్టింది. నాకిచ్చి ఆయనకి ఇచ్చి రమ్మంది. ఎందుకు, మనల్ని ఆర్నెల్లు తారు రోడ్డు మీద ఎండగట్టినందుకా అని ఎగిరాను. "పోయి ఇచ్చి రా" అంది అంతే.

బాబుగారు వరండాలో పేపరు చదువుతున్నాడు. పొట్లం విప్పి, వాసన చూసి, "మంచి సరుకు" అన్నాడు. జేబులోంచి పర్సు తీశాడు. "ఎంతియ్యమంటావు?"

"డబ్బులొద్దండి. ట్రాక్టర్లు పంపించారు కదా. మీ వాటా ఇమ్మంది అమ్మ."

"నేనడగలేదు గదా."

"అడగక్కర్లేదండి."

ఇంత వయసొచ్చినా ఆయనకి ఎవరూ ఏదీ ఇలా తెచ్చి ఇచ్చినట్టు లేదు. మొదటిసారి ఆయన మీద నాకు జాలేసింది. ఒక చేతిలో పొట్లం, ఒక చేతిలో పర్సు పట్టుకుని, ఏది ఎక్కడ పెట్టాలో తెలియనట్టు ఆ వరండాలోనే నిలబడి ఉన్నాడు.