అన్న ఒగ్గుకథలో రాని ముక్క

పోయిన ఏడాది కాలం చేసిన మా అన్న మల్లయ్య చెప్పిన ఒగ్గుకథ, ఎవరో రికార్డు చేసింది, ఈ రోజు ఇంటర్నెట్‌లో దొరికింది. అది ఒకచోట ఉండదట. తీసుకున్నవాళ్ల కంప్యూటర్లలో ముక్కలుగా ఉంటుంది, వాళ్లు తెరిచి ఉంచితేనే మనకు వస్తుంది. సాయంత్రానికి దాదాపు అంతా వచ్చి, చివర ఆగిపోయింది.

"ఏమైంది బిడ్డా?" అని కూతురు స్వరూపను అడిగాను.

"ఆఖరి ముక్క ఇప్పుడు తెరిచి ఉంచినోళ్లల్ల ఎవ్వరి దగ్గర లేదు నాయినా. అది ఉన్నోళ్లు, కథంత దొరకంగనే బంద్ చేసుకొని పోయిన్రు."

"గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ల నా కింద హమాలీలు లారీ దించేటప్పుడు, తన వంతు అయినోడు గూడ ఆఖరి పెట్టె దిగేదాంక పోతుండెనా? గీళ్లకు గంత గూడ తెల్వదా?"

"గాళ్లకు నువ్వు మేస్త్రీవి కాదు గద నాయినా."

ఆ కథకు డోలు కొట్టింది నేనే. ముగిశాక అన్న నా వైపు తిరిగి, "ఇగ చాలు తమ్మీ, కూసో" అన్నాడు. ఆ మాట రాని ముక్కలోనే ఉంది.

మా కంప్యూటర్ ఆపనివ్వలేదు. ఉన్నంతవరకు ఎవరికైనా అందనీ. మీలో ఎవరి దగ్గరైనా ఆ చివర ఉంటే ఒక్క పూట తెరిచి ఉంచండి. నేను ఎవరినీ ఏదీ అడిగే మనిషిని కాదు. ఇది అడుగుతున్నాను.