సలేశ్వరం దారిలో మా అత్త దుప్పటి

సలేశ్వరం పోవాలన్న కోరిక నాది కాదు. నా పొట్టది అంతకంటే కాదు. ఆ కోరిక మా మేనత్త మల్లమ్మది. పెళ్ళయిన యేడు మొదలు ప్రతి చైత్ర పున్నమికీ ఆమె నల్లమల లోయలోకి దిగి, లింగమయ్య గుడి ముందున్న జలపాతం కింద తల తడుపుకుని వస్తుంది. గుంత మగ్గంలో కాళ్ళు పెట్టి చెక్కలు తొక్కీ తొక్కీ ఈ మధ్య ఆమె మోకాళ్ళు పాత తలుపుల్లా కిర్రుమంటున్నాయి. ఆమె లేచి నిలబడితే కొత్తకోట బజారంతా ఎవరింటి తలుపు తెరుచుకుందా అని తిరిగి చూస్తుంది.

నయాపైసలు కొత్తగా వచ్చిన ఆ యేడు ఆమె కొడుకు నర్సింలు అడ్డం తిరిగాడు.

"అమ్మా, నీ కాళ్ళు చూస్కున్నవా? దిగుతే దిగుతవ్, ఎక్కేటప్పుడు నిన్నెవరు మొయ్యాలె?"

"నన్ను మోసేటోడు ఇంక పుట్టలేదురా. పుట్టినా వాని ఈపు మిగలదు," అంది అత్త.

మూడు రోజుల లొల్లి తర్వాత నర్సింలు షరతు పెట్టాడు. "ఈ యేడు పోయిరా. కని జర ఇను. మోయించుకున్నోళ్ళు మల్ల సలేశ్వరం పేరెత్తొద్దు. బావ సాక్షి."

ఆ బావను నేనే. ఇంట్లో నేసిన బట్టలు సంతలకు మోసుకుపోయి అమ్మేవాణ్ణి కాబట్టి భూగోళం మొత్తం నాకు తెలుసని మావాళ్ళ నమ్మకం. ఆ నమ్మకాన్ని నేనెన్నడూ చెడగొట్టలేదు. బయలుదేరే ముందు నర్సింలు నన్ను పక్కకు పిలిచి, అత్త స్వయంగా నేసిన దుప్పటి ఒకటి నా సంచిలో కుక్కాడు.

"బావా, లోయకెల్లి మోకాళ్ళ కురువ ఎక్కేకాడ అమ్మ కూలవడ్తది. గీ దుప్పట్ల కూసోవెట్టి మోయించు. దాంతోని వచ్చే యేటి ఫికర్ ఉండదు."

తెల్లవారకముందే మొదటి బస్సు పట్టుకున్నాం. నేను ఎక్కగానే బస్సు ఎడమ పక్కకు ఒరిగింది. కండక్టరు నన్ను కింది నుంచి పై దాకా చూసి, "ఓ పెద్దమనిషీ, నీకు ఒక్క టికెట్టు సరిపోతదా?" అన్నాడు. వనపర్తి, నాగర్‌కర్నూలు, అచ్చంపేట. ప్రతి ఊళ్ళో బస్సు మారడం, ప్రతి బస్సులో దుమ్ము తినడం. అచ్చంపేట చేరేసరికి నా మీసాల్లో ఎకరం జొన్న వేయవచ్చు. అక్కడ మక్తల్ నుంచి వచ్చిన రైతు హన్మంతు మాకు తోడయ్యాడు. మనిషి సన్నం, గొంతు మాత్రం డప్పు.

"అవ్వా, గా అడవిల పులులున్నయంట కదా?" అని అత్తను అడిగాడు.

"ఎందుకుండవు? అయినా నువ్వు బుగులు పడకు. ముందుగాల అవి మా బాలయ్యను చూస్తయి. వారం దాక వేరేటోళ్ళ జోలికి రావు."

రాత్రి మన్ననూరు సత్రంలో పడుకున్నాం. అక్కడి దోమల గురించి రాస్తే జాతరకు ఎవరూ పోరు కాబట్టి రాయను. పొద్దున్నే జాతర బస్సు ఎక్కి, ఘాటు మీద ఫరహాబాదు దగ్గర దిగి, కాలిబాట పట్టాం. గురవయ్య అనే చెంచు పెద్ద, అతని మనుషులు ఇంకో ముగ్గురు మా గుంపుకు దారి చూపడానికి ముందు నడిచారు. భుజాన గట్టి వెదురు బొంగు, నడుముకు తేనె బుర్ర.

కాసేపటికి చెట్ల మధ్య చెరువు కనబడింది. కనబడింది అంటే తక్కువ చెప్పినట్టు. ఎండలకు పాలమూరు బావులన్నీ ఎండిపోయాయంటే ఆ నీళ్ళన్నీ ఎవరికీ చెప్పకుండా ఇక్కడికొచ్చి దాక్కున్నాయన్నమాట. చెరువు చుట్టూ రెండు బాటలున్నాయి. కుడి గట్టు దగ్గరి దారి, కానీ రాళ్ళు. ఎడమ గట్టు చుట్టు దారి, కానీ నీడ. పోయేవాళ్ళు ఎడమ బాటే పట్టండి. మేమూ అదే పట్టాం. నీళ్ళ అంచున దుప్పి అడుగుల గుర్తులు చూసి అవి పులివేనని నేను వాదించాను. గురవయ్య నవ్వి ముందుకు నడిచాడు. చెరువు కొసన కూర్చుని జొన్నరొట్టెలు, పుంటికూర తొక్కు తిన్నాం. నేనెన్ని తిన్నానో అత్త ఇప్పటికీ ఊళ్ళో చెబుతూనే ఉంది.

అక్కడి నుంచి నేల ఒక్కసారిగా కిందికి విరిగిపోతుంది. అదే మోకాళ్ళ కురువ. మోకాళ్ళు గడ్డానికి తగిలేంత నిట్టనిలువు దిగుడు. దిగేవాళ్ళంతా "వస్తున్నం లింగమయ్యో!" అని కేకలు పెడతారు. ఎదురుగా ఎక్కేవాళ్ళు "పోతున్నం లింగమయ్యో!" అంటారు. రెండు కేకలూ లోయ గోడలకు కొట్టుకుని తిరిగొస్తాయి. అత్త రాయి రాయికీ ఆగి, పిల్లలా కేక పెడుతూ దిగింది. కింద లోయ ఇంకా ఇరుకవుతుంది. ఒక పక్క కొండ, ఒక పక్క గుండం, మధ్యలో ఒక మనిషి పట్టే గట్టు. నా పొట్ట కొండను రాసుకుంటుంటే వెనక ఊరంత జనం ఆగిపోయింది.

"ముందర బండ అడ్డం వడ్డదా?" అని ఎవరో అరిచారు.

"లే, బాలన్న వడ్డడు!" అన్నాడు హన్మంతు.

జలపాతం మాత్రం అబద్ధం అక్కరలేనిది. అంత ఎత్తు నుంచి, అంత ఎండలో, వెండి పడుగు విప్పి వేలాడదీసినట్టు జారుతుంది. తల కింద పెట్టగానే నా వయసు ఇరవై ఏళ్ళు తగ్గింది. తగ్గిన వయసును జనానికి చూపిద్దామని పాచిబండ మీద ఒంటి కాలితో నిలబడ్డాను. తర్వాత జరిగింది గుండంలోని చేపలకు బాగా తెలుసు.

బయటికి లాగాక చూస్తే చీలమండ గుమ్మడికాయంత వాచింది. అడుగు పడదు. గురవయ్య నా సంచి విప్పి, దుప్పటి తీసి, బొంగుకు కట్టి డోలీ చేశాడు.

అత్త దగ్గరికొచ్చి అంచు పట్టి చూసింది. "గిది నేను నేసింది. నీ సంచిలకు ఎట్లొచ్చెరా?"

"చలికి తెచ్చిన అత్తా."

"చైత్రంల చలా!"

ముడి గట్టిగుందో లేదో తనే లాగి చూసింది. నన్ను డోలీలో కూర్చోబెట్టారు. నలుగురూ ఒకేసారి "అమ్మో" అన్నారు. కానీ దుప్పటి ఒక్క పోగు కూడా కదలలేదు. మా ఇంటి నేత గురించి ఇంతకంటే చెప్పనక్కరలేదు.

మోకాళ్ళ కురువ సగం ఎక్కాక అత్త కూర్చుండిపోయింది. మోకాళ్ళు బిగుసుకుపోయాయి. ముఖం తెల్లబోయింది. గురవయ్య డోలీ దించాడు.

"దిగు పెద్దమనిషీ. అవ్వను పైదాక ఏసొచ్చి మల్ల నిన్ను తీస్కపోతం."

నర్సింలు కోరిన గడియ అదే. నేను దిగితే చాలు, పని అయిపోతుంది. దిగడానికి డోలీ అంచు పట్టుకున్నాను కూడా. అత్త నా వైపు చూసింది. కోపంగా కాదు. సంతలో నచ్చిన బట్టను బేరం కుదరక వదిలిపెట్టేవాళ్ళు చూసినట్టు చూసింది. నా చెయ్యి అంచు మీది నుంచి దానంతటదే జారింది.

"దిగను. కాలు నొస్తాంది," అన్నాను.

అత్త మూతి తుడుచుకుని లేచింది. "ఇగో, గా బండ కాడికి మూరెడు," అంది. ఎడమ కాలు తొక్కింది, కుడి కాలు తొక్కింది, మగ్గం మీద చెక్కలు తొక్కినట్టే. బండ చేరింది. "గా చెట్టు కాడికి ఇంకో మూర. పంచె నిండేదాక మగ్గం దిగేది లేదు." కాసేపటికి దారిలోని జనమంతా ఆ లెక్క అందుకున్నారు. "ఎన్ని మూరలాయె అవ్వా?" అని పైనున్నవాళ్ళు అరుస్తుంటే ఆమె కిందినుంచి లెక్క చెబుతోంది. డోలీ మోసేవాళ్ళు కూడా మూరల లెక్కనే నన్ను మోశారు. కాకపోతే వాళ్ళకు నేను పంచె కాదు, తానుల తానులు.

పైకి చేరాక అందరూ లోయ వైపు తిరిగి "పోతున్నం లింగమయ్యో!" అన్నారు. అత్త ఒక్కతే "వస్తున్నం లింగమయ్యో!" అని అరిచింది.

"అవ్వా, ఎక్కినంక పోతున్నం అనాలె," అన్నాడు హన్మంతు.

"ఇంట్లకెల్లి ఎల్లేటప్పుడు పోతున్న అంటరా? వస్త అనే ఎల్తరు."

తిరుగు ప్రయాణమంతా నేను రెండు సీట్ల మీద కాలు చాపి కూర్చున్నాను. ఈసారి కండక్టరు జాలిపడి టికెట్టు మాట ఎత్తలేదు. కొత్తకోటలో బస్సు ఆగగానే నర్సింలు పరుగున వచ్చాడు. కండక్టరు భుజానికి ఆనుకుని కుంటుతూ దిగింది నేను. మూటతో ముందు దిగింది అత్త.

"ఏం బావా? మోయాల్సి వచ్చిందా?" అని చెవిలో అడిగాడు.

"వచ్చింది. నీ దుప్పటి మస్తు పనికొచ్చింది."

వాడి ముఖం వెలిగింది. వెలిగినంతసేపు వెలగనిచ్చి, నా కాలు చూపించాను.

అత్త మూట కొడుకు నెత్తిన పెట్టింది. "షరతు నువ్వు వెట్టిందే గద కొడుకా. మోయించుకున్నోళ్ళు మల్ల పేరెత్తొద్దు. ఇగ బాలయ్య ఎత్తడు. వచ్చే యేడు నా ఎంట నువ్వే రావాలె."

నర్సింలు వంగి తన మోకాళ్ళ వైపు చూసుకున్నాడు.

కాబట్టి ఆ చెరువు గట్టు నీడ, ఆ వెండి నీళ్ళు ఇక నాకు లేవు. మీరు పోండి. ఎడమ బాట పట్టండి, పాచిబండ ఎక్కకండి, ఒక మంచి దుప్పటి తప్పకుండా తీసుకుపోండి. అది ఎవరికోసమో మాత్రం ఇంటి దగ్గరే తేల్చుకోకండి.