రెండోసారి రక్తపరీక్ష

విశ్రాంతమ్మ పినపాక దగ్గర ఒక చిన్న మిషన్ దవాఖానాలో నర్సు. ఇరవై రెండేళ్ల సర్వీసులో ఏ డాక్టరు మాటకూ ఎదురు చెప్పలేదు. 2005 వానాకాలంలో మాత్రం ఒకసారి చెప్పింది.

అడవి పల్లె నుంచి ప్రమీల అనే అమ్మాయిని నొప్పులతో తీసుకొచ్చారు. ఏడో నెలలోనే కాన్పయింది. ఆడపిల్ల, కిలోన్నర కూడా లేదు. ప్రమీల అత్త గంగక్క గుమ్మంలోనే కూలబడింది.

"బతుకుతదా సిస్టరమ్మా?"

"తల్లి గుండెల మీదనే ఉంచుదాం అక్కా. గా వేడి చాలు పిల్లకు."

మూడో రోజు మడమకు సూది గుచ్చి, రక్తం ఖమ్మం పంపారు. థైరాయిడ్ బాగానే ఉందని కాగితం వచ్చింది. పిల్ల తేరుకుంది, పాలు తాగింది. కానీ నెల దాటేసరికి మందగించింది. పాలకు లేపినా కళ్లు తెరవదు. ఒళ్లు చల్లగా, పొడిగా ఉంటోంది. నాలుగు రోజులుగా విరేచనం లేదు.

"నెలలు నిండని పిల్ల కదమ్మా, నిద్రపోతుంది," అన్నాడు డాక్టర్ డేవిడ్.

విశ్రాంతమ్మ గది దాటి, మళ్లీ వెనక్కి వచ్చింది.

"సారూ, ఇంకోసారి థైరాయిడ్ చూద్దాం. ఇది ఉత్త నిద్ర కాదు సారూ."

ఆయన తల ఊపాడు. "నిజమే. గిట్లాంటి పిల్లల్లో ఈ లోపం ఒక్కోసారి మొదటి పరీక్షకు దొరకదు, వారాలు పోయినంక బయటపడుతది. నేనే రాయాల్సింది."

ఈసారి కాగితంలో లోపం స్పష్టంగా తేలింది. ఆలస్యమైతే మెదడు ఎదుగుదల దెబ్బతింటుందని చెప్పి, డాక్టరు అదే రోజు మందు మొదలుపెట్టాడు.

"గింత పిల్లకు రోజూ గోలీనా?" గంగక్క ఒప్పుకోలేదు.

విశ్రాంతమ్మ గోలీ ముక్కను చెంచాలో నలిపి, ప్రమీల పాలు నాలుగు చుక్కలు కలిపి, పిల్ల నాలుక మీద వేసింది. మర్నాడు చెంచా గంగక్క చేతికే ఇచ్చింది. పది రోజుల్లో పిల్ల పాల కోసం ఏడవడం మొదలుపెట్టింది. ఆ ఏడుపు విని ముసలామె నవ్వింది. ఇంటికి వెళ్లాక మందు వేసే పని ఇంకెవరికీ ఇవ్వలేదు. విశ్రాంతమ్మ సెలవు దొరికినప్పుడల్లా బస్సెక్కి వెళ్లి చూసి వచ్చేది.

పిల్లకు మూడేళ్లు నిండాక, డాక్టరు చెప్పినట్టు నెల రోజులు గోలీ ఆపి మళ్లీ రక్తం పంపారు. అంతా సరిగ్గానే ఉంది. ఇక మందు అక్కర్లేదు.

ఆ మాట చెప్పడానికి విశ్రాంతమ్మే ఊరికి వెళ్లింది. పిల్ల వాకిట్లో కోడిని తరుముతూ, ఆగకుండా ఏదో చెబుతోంది.

"నోరు మూయదు సిస్టరమ్మా," అంది గంగక్క, గర్వంగా. "అన్నం తిని పో."

బస్సు వేళ దాటిపోతోంది. విశ్రాంతమ్మ చెప్పులు విడిచి, కాళ్లు కడుక్కుని లోపలికి నడిచింది.